ఇంటివాళ్లకు ట్యాబ్ బహుమతిగా కొనాలా వద్దా? ఇలా తేల్చుకోండి

ఇంట్లోవాళ్లకు ట్యాబ్ కొనివ్వాలని మనసులో పడగానే చాలామంది ఏ కంపెనీది, ఎంత తెర, ఎంత ధర అని వెతకడం మొదలుపెడతారు. ఆ వెతుకులాటను ఒక్క పది రోజులు ఆపండి. ఏ ట్యాబ్ అన్నది ఆఖరి ప్రశ్న. అసలు ట్యాబ్ అవసరమా అన్నది మొదటిది. దాని జవాబు దుకాణంలో దొరకదు, ఆ ఇంట్లోనే దొరుకుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట అమ్మకు ఒక ట్యాబ్ కొనిచ్చాను. 10 అంగుళాల తెర, చూడటానికి ముచ్చటగా ఉంది, ధర తక్కువ. లోపల 2 జీబీ ర్యామ్ (యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ), 16 జీబీ స్టోరేజీ (యాప్‌లు, ఫొటోలు దాచుకునే చోటు). ఆ అంకెలను నేను పట్టించుకోలేదు. మూడు నెలలు బాగానే సాగింది. ఆ తర్వాత ఇంటికి వెళ్లి చూస్తే ట్యాబ్ తన డబ్బాలోనే ఉంది. ఛార్జర్ తీగ పొందికగా చుట్టి పక్కన పెట్టి ఉంది. ఎందుకు వాడటం లేదని అడిగితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. "నేనేదో నొక్కకూడనిది నొక్కాను నాన్నా, పాడైపోయింది. నీకు చెబితే బాధపడతావని ఊరుకున్నాను" అంది. ఆన్ చేసి చూశాను. ఏమీ పాడవలేదు. స్టోరేజీ నిండిపోయిందంతే. ఏ యాప్ మీద వేలు పెట్టినా తెరుచుకోవడానికి పది సెకన్లు పడుతోంది. ఆ పది సెకన్లలో అమ్మ మళ్లీ నొక్కుతుంది, ఇంకేదో తెరుచుకుంటుంది, భయపడి పక్కన పెట్టేస్తుంది.

నెమ్మదిగా నడిచే యంత్రాన్ని చేతికిస్తే పిల్లలు యంత్రాన్ని విసుక్కుంటారు. పెద్దవాళ్లు తమను తాము తప్పుపట్టుకుంటారు. ఇది అర్థమైన రోజు నుంచి నేను ట్యాబ్ కొనే పద్ధతే మారిపోయింది. ఆ పద్ధతిని వరుసగా చెబుతాను.

1. ముందు ఒక పేరు రాయండి

"ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది" అనుకుని కొన్న ట్యాబ్ చివరికి ఎవరి చేతికి ముందు చిక్కితే వారిదవుతుంది. చాలా ఇళ్లలో అది అందరికంటే చిన్నపిల్లవాడి చేయి. తాతగారి కోసం తెచ్చిన ట్యాబ్‌లో వారం తిరక్కుండా ఆటలు నిండిపోతాయి. ఆయన అడగడం మానేస్తారు. అందుకే ఒక కాగితం తీసుకుని, ఇది ఎవరిదో ఒక్క పేరు రాయండి. మిగతావాళ్లు వాడుకోవచ్చు, కాదనను. కానీ ఛార్జింగ్ ఎవరు పెట్టాలి, ఎవరు అడిగితే వెంటనే ఇచ్చేయాలి అన్న విషయంలో సందేహం ఉండకూడదు.

నిజంగానే నలుగురూ పంచుకోవాలంటే ఒక సాంకేతిక విషయం ముందే తెలిసి ఉండాలి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో 2012 నుంచి ఒక్కొక్కరికీ వేర్వేరు ఖాతా పెట్టుకునే సదుపాయం ఉంది. ఒకరి ఫొటోలు, సందేశాలు, ఆటలు మరొకరికి కనిపించవు. కొందరు తయారీదారులు దీన్ని తీసేస్తారు కాబట్టి, డబ్బు కట్టకముందే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇంకో యూజర్‌ను చేర్చే అవకాశం ఉందో లేదో చూడండి. ఐప్యాడ్‌లో ఇంటి వాడకానికి ఈ సదుపాయం లేదు. పాఠశాలలు, సంస్థలు నిర్వహించే ఐప్యాడ్‌లలోనే ఉంటుంది. అంటే ఐప్యాడ్ ఒక మనిషి వస్తువు. తల్లి మెయిల్, తండ్రి ఫొటోలు, పిల్లల ఆటలు ఒకే చోట కలిసిపోతే ఎవరికీ అది సొంతం అనిపించదు. ఒకరి సందేశం పొరపాటున ఇంకొకరు తుడిచేసిన రోజు ఆ ఇంట్లో జరిగే గొడవకు మీ బహుమతే కారణమవుతుంది.

2. ముప్పయ్యో రోజున ఏం జరుగుతుందో రాయండి

మొదటి రోజు సంబరం అన్ని వస్తువులకూ ఉంటుంది. అది లెక్కలోకి రాదు. నెల గడిచాక ఆ మనిషి, ఆ ట్యాబ్‌తో, ఏ వేళప్పుడు, ఎక్కడ కూర్చుని, ఏం చేస్తారో మూడు వాక్యాలు రాయండి. "అమ్మ సాయంత్రం కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని మనవరాలితో వీడియో కాల్‌లో మాట్లాడుతుంది." ఇది మంచి వాక్యం. మనిషి ఉంది, వేళ ఉంది, చోటు ఉంది, పని ఉంది. "చదువుకు ఉపయోగపడుతుంది", "కాలక్షేపానికి బాగుంటుంది" అన్నవి వాక్యాలే కావు, కొనాలన్న కోరికకు మనం చెప్పుకునే సాకులు. మూడు వాక్యాలు రాయలేకపోతే ఇక్కడితో ఆగిపోండి. ఆ డబ్బుతో వాళ్లకు నిజంగా కావలసింది ఇంకేదో ఉంటుంది.

రాయగలిగితే, ఒక్కో వాక్యాన్నీ పట్టుకుని ఆ పని ఇప్పుడున్న ఫోనుతో జరగదా అని అడగండి. ల్యాప్‌టాప్‌తో ఇంకా బాగా జరుగుతుందా అని కూడా అడగండి. పుటల కొద్దీ వ్యాసాలు రాయాలన్నా, లెక్కల పట్టికలు నింపాలన్నా, ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలన్నా ల్యాప్‌టాపే మేలు. ట్యాబ్‌కు కీబోర్డు తగిలించి ఆ పని చేయించవచ్చని అమ్మేవాళ్లు చెబుతారు. చేయించవచ్చు. కానీ కాలేజీలో చేరుతున్న పిల్లకు అది రోజూ చిరాకే.

ట్యాబ్ నిజంగా రాణించే పనులు వేరే ఉన్నాయి. చూడటం, చదవడం, బొమ్మలు గీయడం, ముఖాలు చూసుకుంటూ మాట్లాడటం. చదవడం గురించి ఒక కొలత చెబుతాను. ఏ4 కాగితం ఒక మూల నుంచి ఎదురు మూలకు 14 అంగుళాల పైచిలుకు ఉంటుంది. దాన్ని సగానికి మడిస్తే 10 అంగుళాలు. అంటే 10 అంగుళాల ట్యాబ్ తెర దాదాపు మడిచిన ఏ4 కాగితమంత. మామూలు పుస్తకం పేజీ ఇందులో హాయిగా ఇముడుతుంది. పెద్ద పాఠ్యపుస్తకం పేజీ కొంచెం చిన్నదిగా కనిపిస్తుంది కానీ చదవగలం. అదే పేజీని ఫోనులో చదవాలంటే పంక్తి పంక్తికీ వేలితో అటూ ఇటూ జరుపుకోవాలి. మీరు రాసిన వాక్యాల్లో పీడీఎఫ్ పుస్తకాలు చదివే మనిషి ఉంటే, ట్యాబ్ కొనడానికి అదొక్కటే చాలిన కారణం.

3. కొనకముందే ఒక వారం వాడించండి

స్నేహితులదో బంధువులదో ఒక ట్యాబ్ వారం రోజులకు అడిగి తెచ్చి వాళ్ల చేతికివ్వండి. బాగుందా అని మాత్రం అడగవద్దు. మీరు తెచ్చిచ్చారు కాబట్టి బాగుందనే అంటారు. పక్కన కూర్చుని వాళ్ల చేతులను చూడండి.

చేతులు చాలా చెబుతాయి. ఈ తెరలు వేలి స్పర్శతో కలిగే విద్యుత్ మార్పును బట్టి పనిచేస్తాయి. వయసుతో వేళ్ల కొసలు బాగా పొడిబారినవారికి ఒక్కోసారి ఎంత తాకినా తెర పలకదు. అప్పుడు వాళ్లు గట్టిగా అదిమి పట్టుకుంటారు. తెర దాన్ని "తాకి పట్టుకోవడం" అనుకుని యాప్‌ను జరపమంటారా, తీసేయమంటారా అని అడుగుతుంది. పెద్దవాళ్ల ట్యాబ్‌లో యాప్‌లు మాయమైపోయేది చాలావరకు ఇలాగే. దీనికి విరుగుడు ఉంది. ఆండ్రాయిడ్‌లోనూ ఐప్యాడ్‌లోనూ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ విభాగంలో, ఎంతసేపు అదిమితే దాన్ని పట్టుకోవడంగా లెక్కించాలో మార్చవచ్చు. దాన్ని ఎక్కువ చేసి చూడండి. చేతి వణుకు ఉన్నవారికి ఈ ఒక్క మార్పు ఎంత ధైర్యం ఇస్తుందో చూస్తే గానీ తెలియదు.

ట్యాబ్‌ను ఎలా పట్టుకుంటున్నారో కూడా చూడండి. 10, 11 అంగుళాల ట్యాబ్ సుమారు అర కిలో ఉంటుంది. 8 అంగుళాలది దాదాపు 300 గ్రాములు. పుస్తకం పట్టినట్టు ఒంటి చేత్తో పది నిమిషాలు పట్టుకుని చదవాలంటే ఆ తేడా మణికట్టుకు తెలుస్తుంది. పడుకుని చదివే అలవాటున్న వారికి నేనైతే చిన్నదే కొంటాను.

ట్యాబ్ దొరక్కపోతే వాళ్ల ఫోను వాడకాన్నే గమనించండి. ఎక్కడ కళ్లు చికిలిస్తున్నారు, ఏ పని సగంలో వదిలేస్తున్నారు? చాలాసార్లు ఫోనులో అక్షరాల పరిమాణం పెంచితే సరిపోతుంది. పైసా ఖర్చు లేకుండా తీరే ఇబ్బందికి ట్యాబ్ కొననక్కర్లేదు.

4. పిల్లలకైతే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు నిండని పిల్లలకు తెర ముందు కూర్చోబెట్టే సమయం అసలు ఉండకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. కాబట్టి ఆ వయసు పిల్లల పేరున ట్యాబ్ కొనవద్దు. బొమ్మలు చూస్తూ అన్నం తింటుందని, ఏడుపు మానుతుందని కొంటే, ఆ తర్వాత అది లేకుండా తినదు, ఏడుపు మానదు.

బడికి వెళ్లే పిల్లలకైతే బడిలో ఏ యాప్ వాడుతున్నారో, ఏ పరికరం కావాలంటున్నారో ముందు కనుక్కోండి. కొన్ని పరీక్షా యాప్‌లు కొన్ని రకాల పరికరాల మీదే నడుస్తాయి.

పిల్ల మీది కాకపోతే, అంటే మేనకోడలో, అన్నయ్య కొడుకో అయితే, పిల్లకు చెప్పకముందే తల్లిదండ్రులతో విడిగా మాట్లాడండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. మీరు ట్యాబ్ ఇచ్చి వెళ్లిపోతారు. ఎంతసేపు చూడాలి, ఇక చాలు, పెట్టేయ్ అన్న పోరు ఆ తల్లిదండ్రులకు రోజూ ఉంటుంది. వాళ్లు వద్దంటే వద్దనే. అందరి ముందూ డబ్బా విప్పాక వద్దనడం వాళ్లకు సాధ్యం కాదు, అలాంటి ఇరకాటంలో ఎవరినీ పెట్టకూడదు.

వాళ్లు సరేనంటే నియంత్రణలు పెట్టే పనిలో సాయపడండి. ఆండ్రాయిడ్‌కు గూగుల్ ఫ్యామిలీ లింక్, ఐప్యాడ్‌కు స్క్రీన్ టైమ్ ఉన్నాయి. రోజువారీ సమయం, నిద్రవేళ, యాప్‌ల అనుమతి, కొనుగోళ్ల మీద పట్టు రెండింటిలోనూ దొరుకుతాయి. పిల్ల వయసు సరిగా నమోదు చేసి, పిల్లల ఖాతానే తెరవండి. పెద్దవాళ్ల ఖాతాతో మొదలుపెట్టి తర్వాత మారుద్దాంలే అనుకుంటే ఆ తర్వాత అన్నది రాదు. ట్యాబ్ రాత్రిపూట ఛార్జింగ్‌లో ఉండే చోటు పిల్ల పడుకునే గది కాకుండా చూడండి. నా అనుభవంలో ఏ యాప్ నియంత్రణకంటే ఇది బాగా పనిచేస్తుంది.

5. పెద్దవాళ్లకైతే

అన్నిటికంటే ముందు ఇంటర్నెట్. వాళ్లింట్లో వైఫై ఉందా? లేకపోతే సిమ్ వేసుకునే ట్యాబ్ తీసుకోండి. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టుకుంటారులే అనుకోవద్దు. ప్రతిసారీ ఫోను తీసి, సెట్టింగ్ వెతికి, ఆన్ చేసి, మళ్లీ ట్యాబ్ దగ్గరకు రావడం మనకు అరనిమిషం పని. వాళ్లకు అది రేపటికి వాయిదా వేసే కారణం.

రెండోది, ట్యాబ్ ఫోను స్థానాన్ని తీసుకోదు. ఓటీపీలు మామూలుగా ఫోను నంబరుకే వస్తాయి. ఫోను వేరే గదిలో ఉంటే ట్యాబ్‌లో సగం పనులు మధ్యలో ఆగిపోతాయి. వాట్సాప్‌ను ట్యాబ్‌లో అదే నంబరుతో వాడాలంటే ఫోనుకు జతచేసుకోవాలి. ఐప్యాడ్‌కు వాట్సాప్ యాప్ 2025లోనే వచ్చింది, అది కూడా ఇలా జతచేసుకునేదే. ఫోనులో 14 రోజులకు పైగా వాట్సాప్ తెరవకపోతే జతచేసిన పరికరాల్లో అది ఆగిపోతుంది. ట్యాబ్ అలవాటై ఫోను పక్కన పెట్టేసిన నాన్నగారికి ఒకరోజు హఠాత్తుగా వాట్సాప్ రాకపోతే ఆయనకు కారణం తట్టదు. ముందే చెప్పి ఉంచండి.

వీడియో కాల్ కోసమే కొంటుంటే ముందు కెమెరా ఎక్కడుందో చూడండి. స్టాండు మీద అడ్డంగా పెట్టినప్పుడు కెమెరా తెరకు పైన మధ్యలో రావాలి. కొన్నిటిలో అది పొట్టి అంచున ఉంటుంది, అడ్డంగా పెడితే పక్కకు వచ్చేస్తుంది. అప్పుడు అమ్మ మిమ్మల్ని చూస్తూ మాట్లాడుతున్నా మీకు ఆమె ఎటో చూస్తున్నట్టే ఉంటుంది. పైగా ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలు సరిగ్గా కెమెరా మీదే పడి తెరంతా చీకటవుతుంది. మామూలు ఐప్యాడ్‌లో కెమెరాను పొడుగు అంచుకు మార్చింది 2022లో వచ్చిన పదో తరం నుంచి. అంతకంటే పాతది చవకగా వస్తోందని తీసుకునేవారు ఇది గుర్తుంచుకోండి.

మాటలు సరిగా వినపడనివారికి స్పీకర్ల శబ్దం దుకాణంలో కాకుండా ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న గదిలో చాలుతుందా అని ఆలోచించండి.

6. ఇప్పుడు అంకెలు చూడండి

ఇంతవరకూ వచ్చి, కొనాల్సిందే అని తేలితే, అప్పుడు డబ్బా మీది అంకెలు చదవండి.

ఆండ్రాయిడ్ అయితే ర్యామ్ 4 జీబీకి తగ్గవద్దు, 6 ఉంటే నిశ్చింత. స్టోరేజీ 64 జీబీ కనీసం, 128 అయితే మేలు. డబ్బా మీద రాసినదంతా మనకు మిగలదు, సిస్టమ్ అందులో పెద్ద భాగమే తినేస్తుంది. మెమరీ కార్డు పెట్టుకోవచ్చు కదా అంటే, అది ఫొటోలకు, వీడియోలకు పనికొస్తుంది, యాప్‌ల బరువును పెద్దగా తగ్గించదు. ఐప్యాడ్‌లో కార్డు పెట్టే చోటే ఉండదు. అమ్మ విషయంలో నేను చేసిన తప్పంతా ఈ రెండు అంకెల్లోనే ఉంది కాబట్టి ఇంతగా చెబుతున్నాను. తెర అరంగుళం తగ్గినా ఫరవాలేదు, రంగు నచ్చకపోయినా ఫరవాలేదు, వీటిలో మాత్రం రాజీపడవద్దు.

తెర స్పష్టతకు 1280×800 అని ఉంటే వదిలేయండి. 10 అంగుళాల తెర మీద ఆ లెక్కన అంగుళానికి 150 చుక్కలే వస్తాయి, ఒత్తులూ గుణింతాలూ నలిగినట్టు కనిపిస్తాయి. 1920×1200 ఉంటే 220 దాటుతాయి, చిన్న అక్షరమైనా తేటగా ఉంటుంది.

సినిమాలు చూడటానికైతే ఇంకో సంగతి. కొన్ని చవక ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకు వైడ్‌వైన్ ఎల్1 అనే ధ్రువీకరణ ఉండదు. అది లేకపోతే తెర ఎంత గొప్పదైనా నెట్‌ఫ్లిక్స్ వంటివి హెచ్‌డీలో రావు. కొనేముందు అడగండి.

సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు వస్తాయో కూడా కనుక్కోండి. మూడేళ్ల కిందటి మోడల్ సగం ధరకు వస్తోందంటే, దానికి మిగిలిన అప్‌డేట్ల ఆయుష్షు కూడా తగ్గిందన్నమాట. దారి చూసుకోవడానికి కావాలనుకుంటే, సిమ్ లేని వైఫై ఐప్యాడ్‌లలో జీపీఎస్ ఉండదు.

వాడిన ట్యాబ్ తీసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే పాత యజమాని తన ఖాతా నుంచి పూర్తిగా బయటికి వచ్చి, మీ ఎదుటే రీసెట్ చేసి, మీరు మొదటి నుంచి ఆన్ చేసి చూశాకే డబ్బు ఇవ్వండి. లేదంటే పాత పాస్‌వర్డ్ అడుగుతూ అది తాళం పడిపోతుంది. పాత యజమాని సాయం లేకుండా ఆ తాళం తీయడం చాలా కష్టం.

ధర లెక్కలో కవరు, స్టాండు, అవసరమైతే స్టైలస్ (తెర మీద రాసే పెన్ను) కూడా కలపండి. డబ్బాలో ఛార్జర్ ఉందో లేదో చూడండి, ఇప్పుడు చాలావాటిలో తీగ మాత్రమే వస్తోంది. ఇవన్నీ కలిపాక మొత్తం మీ అంచనాను దాటితే ట్యాబ్ స్థాయి తగ్గించవద్దు. కొనుగోలును వాయిదా వేయండి, లేదా ఇంట్లో మరో ఇద్దరిని కలుపుకుని కొనండి.

7. ఇచ్చేముందు, ఇచ్చాక

పెద్దవాళ్లకు సీలు విప్పని డబ్బా ఇవ్వవద్దు. రెండు రోజుల ముందే విప్పి, పూర్తిగా ఛార్జ్ చేసి, అప్‌డేట్లన్నీ వేయండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఈ అప్‌డేట్లకు గంటకు పైగా పట్టవచ్చు. ఆ గంట వాళ్ల ఎదుట గడవకూడదు. అక్షరాలు పెద్దవి చేయండి. మొదటి తెర మీద నాలుగు యాప్‌లకు మించి ఉంచవద్దు. ఖాతా వాళ్ల పేరునే ఉండాలి, మీ ఖాతాతో మొదలుపెట్టవద్దు. మీ ఫొటోలు, మీ కార్డు వివరాలు అందులోకి వెళ్తాయి, రేపు మీరు పాస్‌వర్డ్ మారిస్తే వాళ్లకు దారి మూసుకుపోతుంది. వాళ్ల పాస్‌వర్డ్‌ను వాళ్ల సొంత నోటుబుక్కులో వాళ్ల చేతనే రాయించండి.

నేర్పేటప్పుడు రోజుకు ఒక్క పనే చూపించండి. మొదటి రోజు కాల్ ఎత్తడం, అంతే. ట్యాబ్ వాళ్ల చేతిలోనే ఉండాలి. "ఇలా ఇవ్వు, నేను చేసి పెడతాను" అని మీరు లాక్కున్న ప్రతిసారీ పాఠం మళ్లీ మొదటికి వస్తుంది. తప్పు నొక్కినప్పుడు వెనక్కి రావడం ఎలాగో అన్నిటికంటే ఎక్కువసార్లు చేయించండి. వెనక్కి రాగలమని తెలిసిన మనిషి ఇక దేన్నైనా ధైర్యంగా తాకుతారు.

నెల తిరిగాక ఒకసారి వెళ్లి స్టోరేజీ ఎంత నిండిందో చూడండి. వాట్సాప్‌లో వచ్చి పడిన వీడియోలు తుడిచేయండి. సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంతసేపు వాడారో కనిపిస్తుంది, మీరు రాసుకున్న మూడు వాక్యాలను దాని పక్కన పెట్టి చూడండి. ఒకవేళ ట్యాబ్ డబ్బాలోకి వెళ్లిపోయి ఉంటే, ఎందుకు వాడటం లేదని అడగకండి. "ఒకసారి ఇలా తీయండి, నేనూ చూస్తాను" అని పక్కన కూర్చోండి.